పొత్తిగుడ్డ బరువు

ముప్ఫైమూడేళ్ళ ఉద్యోగంలో నేను సంతకం చేసిన కాగితాలకు లెక్క లేదు. వాటిలో ఒకటి మాత్రం తప్పని నాకు నిశ్చయంగా తెలుసు. దాన్ని నేనే తయారుచేశాను, నేనే సంతకం పెట్టాను, మైదాపిండి జిగురుతో నేనే గోడకు అంటించాను. అందులోని కూడికలూ తీసివేతలూ ఎవరు ఎన్నిసార్లు సరిచూసినా సరిగ్గానే వస్తాయి. అందుకే ఆ తప్పు అంతకాలం బతికింది.

ఆసుపత్రి కొలువుల్లో కొత్తగా చేరుతున్న మీకు ఈ సంగతి పనికివస్తుందనిపించి రాస్తున్నాను. పేర్లు రాయను. కొందరు ఇప్పుడు లేరు, ఉన్నవాళ్ళను అడిగి రాసే వీలు నాకు లేదు.

అరవైల చివరి సంవత్సరాల మాట. ఫార్మసీలో డిప్లొమా పుచ్చుకుని శ్రీకాకుళం ప్రాంతంలో ఒక ప్రభుత్వాసుపత్రిలో మందుల గదికి బాధ్యుడిగా ఉండేవాణ్ణి. నియామక పత్రంలో ఫార్మసిస్టునే అయినా, సూపరింటెండెంటు గారు మొదలుకొని గేటు దగ్గర సోడాలమ్మే మనిషి వరకు అందరికీ కాంపౌండరునే. ఆమదాలవలసలో రైలు దిగినవాళ్ళు, పాతపట్నం వైపు నుంచి బస్సెక్కినవాళ్ళు, సాలూరు నుంచి లారీల మీద వచ్చినవాళ్ళు మా వసారాలో పక్కపక్కనే కూర్చునేవారు.

ప్రసూతి వార్డు చివర చిన్న గది ఒకటి ఉండేది. నెల తక్కువ బిడ్డల కోసం కేటాయించినది కనుక వెచ్చగది అనేవాళ్ళం. అందులో నాలుగు చెక్కపెట్టెలు. ఒక్కొక్కదాని అడుగున రెండు కరెంటు బల్బులు, పైన అద్దపు మూత, లోపల నేను కట్టిన థర్మామీటరు. కరెంటు పోతే వేడినీళ్ళ సీసాలు. ఆక్సిజన్ సిలిండరు ఒక్కటే. అది ఖాళీ అయితే నిండుది విశాఖపట్నం నుంచి రావాలి. ఎప్పుడు వస్తుందో సరఫరా చేసేవాడు కూడా చెప్పలేడు.

ఆ గది వాడకానికి పై ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు ఉంది. అందులో మా పనికి సంబంధించిన నియమాలు రెండు. పదిహేను వందల గ్రాములకు తక్కువ బరువున్న శిశువును వెచ్చగదిలో చేర్చుకోరాదు. ఇంట్లో వెచ్చగా ఎలా ఉంచాలో చెప్పి పంపాలి. శరీర లోపంతో పుట్టిన శిశువును సూపరింటెండెంటు రాతపూర్వక అనుమతి ఉంటేనే చేర్చుకోవాలి. ఈ నియమాలు రాసినవాళ్ళు కఠినాత్ములని నేను అనను. నాలుగు పెట్టెలు, ఒక సిలిండరు, ఇద్దరు నర్సులు ఉన్నచోట బతికే అవకాశం ఎక్కువున్న బిడ్డలకే అవి దక్కేలా ఎక్కడో ఒక గీత గీయక తప్పదని వాళ్ళు అనుకున్నారు. గీత గీసినవాళ్ళు రాజధానిలో ఉంటారు. దాని మీద బిడ్డను పెట్టి చూసేది మేము. ఆ తేడా నాకు అప్పటికి తెలియదు.

వార్డులో తూకపు యంత్రం పాతది, పౌన్లు ఔన్సులు చూపించేది. రిజిస్టర్లో గ్రాములు రాయమన్నారు. బిడ్డలకు చలి తగలకూడదని హెడ్ సిస్టర్ వాళ్ళను పొత్తిగుడ్డతోనే తూయించేది. ఆవిడ బాప్టిస్టు కుటుంబం నుంచి వచ్చిన మనిషి, మిషన్ ఆసుపత్రిలో శిక్షణ పొందింది. పద్ధతి అంటే పద్ధతే. ప్రతిసారీ గుడ్డ బరువు తీసివేసి, ఔన్సులను గ్రాముల్లోకి మార్చడంలో నర్సులు తడబడుతున్నారని నన్నొక పట్టీ తయారుచేయమంది. నేను సంబరంగా చేశాను. యంత్రం చూపిన బరువు ఎడమవైపు, బిడ్డ అసలు బరువు గ్రాముల్లో కుడివైపు. మందుల గది త్రాసులో ఫ్లానెల్ పొత్తిగుడ్డను మూడుసార్లు తూచి, నూట అరవై ఎనిమిది గ్రాములని తేల్చి, ఆ మేరకు ప్రతి అంకెలోనూ ముందే తీసేశాను. అడుగున ‘గుడ్డ బరువు తీసివేయబడినది’ అని రాశాను. ఏ గుడ్డ అన్నది రాయలేదు. ఆసుపత్రిలో ఉన్నది ఒకటే రకం కదా.

పట్టీని చూసి సిస్టర్, “కాంపౌండరు గారూ, ఇంత అందంగా రాశారు, గోడకి అంటించడమెందుకండీ, ఫ్రేము కట్టించేస్తే పోద్ది కదా!” అంది. ఎగతాళి అని తెలిసీ సంతోషించాను.

ఆ పట్టీ అంటించిన తరువాతి సంవత్సరం మార్గశిరంలో, ఒకరోజు ఉదయం పదిగంటల వేళ, సిలిండరులో ఎంత మిగిలిందో ముల్లు చూడడానికి వార్డుకు వెళ్ళాను. తూకపు బల్ల దగ్గర ఒక ముసలమ్మ సిస్టర్‌తో వాదిస్తోంది. పాతపట్నం దాటాక ఏదో పల్లె. కోడలు ఇంట్లోనే నెల తక్కువగా కన్నది. కోడలినీ పసికందునూ మొదటి బస్సులో తీసుకొచ్చింది. బిడ్డను దూది పరిచిన వెదురుబుట్టలో పెట్టి, ఆ బుట్టను దారి పొడవునా ఒళ్ళోంచి దించలేదట. కోడలు నేలమీద గోడకానుకుని కూర్చుని ఉంది. ఆవిడ నోట ఒక్క మాట లేదు. ముసలమ్మకు మాటలు తక్కువ కావు.

“ఎల్లిపోమంతారేటి సిస్టరమ్మా! బస్సు దిగి ఇంకా గుక్కెడు నీల్లు తాగనేదు.”

“నేను పొమ్మనడం లేదమ్మా. రూలు అలాగుంది. పదిహేనొందలుండాలి. మీ పాప పద్నాలుగొందల ముప్ఫై నాలుగు. ఇదిగో, కాంపౌండరు గారి పట్టీ. చూసుకోండి.”

“నానేటి సూస్తాను, నాకు సదువొస్తాదేటి? గుంటని మీరు గుడ్డతోటి తూసినారు. మరి గుడ్డని తూసినారా?”

“గుడ్డ బరువు అందులోనే తీసేశారు.”

“ఎవులు తీసేసినారు?”

సిస్టర్ నా వైపు చూపించింది. ముసలమ్మ నన్ను కిందినుంచి పైకి చూసింది.

“బాబూ, నువ్వా? ఈ గుడ్డని నువ్వు ఎప్పుడు తూసినావు?”

“ఈ గుడ్డనే అని కాదమ్మా. ఇలాంటిదాన్ని. పోయిన సంవత్సరం.”

“ఓలమ్మా! పోయినేడు తూసిన గుడ్డకి ఈయేడు గుంటని తీసేత్తన్నారా?” ముసలమ్మ పక్కనున్నవాళ్ళ వైపు తిరిగింది. “నాను సంతలో సింతపండు అమ్ముతాను. బుట్ట మారితే ధడా మారాల. ముందు ఖాళీ బుట్టకి ధడా కట్టి, అప్పుడు సింతపండెయ్యాల. నేకపోతే కొనేవోడు నా సిగ పట్టుకోడేటి?”

ఖాళీ పాత్ర బరువుకు సరితూగేట్టు రెండో తట్టలో వేసే రాయో ఇనపముక్కో ధడా. సంతలో ప్రతివాళ్ళకూ తెలిసిన సంగతి. నాకూ తెలుసు, మందుల గదిలో సీసా బరువు తూచకుండా ఏనాడూ మందు తూచలేదు. అయినా ఆ క్షణాన నాకు కలిగింది జ్ఞానం కాదు, కోపం. డిప్లొమా ఉన్నవాణ్ణి చింతపండు ముసలమ్మ నలుగురిలో నిలదీయడం నచ్చలేదు. రుజువు చేసి నోరు మూయిద్దామని మందుల గదికి వెళ్ళి నా త్రాసు తెచ్చాను. ఉతికి మడతపెట్టిన పొత్తిగుడ్డల దొంతరలోంచి ఒకటి తీసి తట్టలో వేశాను.

అరవై ఆరు గ్రాములు.

రెండోది తీశాను. అరవై మూడు. మూడోది డెబ్భై ఒకటి. అప్పుడు గుడ్డను చేత్తో పట్టుకుని చూశాను. ఫ్లానెల్ కాదు. పలచని నూలు గుడ్డ.

“ఇవి ఎప్పటినుంచి సిస్టర్?”

ఆవిడ ముఖం అప్పటికే మారిపోయింది. “ఫ్లానెల్ చిరిగిపోయాయి కదండీ. వానలు మొదలవగానే స్టోర్సు నుంచి ఇవి వచ్చాయి,” అంది మెల్లగా.

యంత్రం మూడు పౌన్ల ఎనిమిదిన్నర ఔన్సులు చూపింది. అంటే పదహారు వందల రెండు గ్రాములు. ఆ పూట కట్టిన గుడ్డ అరవై ఆరు గ్రాములదైతే బిడ్డ పదిహేను వందల ముప్ఫై ఆరు. గీతకు ముప్ఫై ఆరు గ్రాములు పైన. కానీ గుడ్డకూ గుడ్డకూ తేడా ఉంది. సూపరింటెండెంటు గారి ముందు నిలబడి చెప్పాలంటే ఆ బిడ్డకు కట్టిన గుడ్డనే తూయాలి. ఆ మాటే అన్నాను.

“ఆ గుడ్డ విప్పి ఇవ్వమ్మా. ఇంకో గుడ్డ కడతాం.”

ముసలమ్మ బుట్టను గుండెలకు హత్తుకుంది. “అక్కర్నేదు. నువ్వు తూసినావు కదా, సాలు.”

“చాలదు. ఇది తూస్తేనే నేను పైవాళ్ళకు చెప్పగలను.”

“సలిగాలి తగుల్తాది బాబూ. ఇప్పకు.”

క్షణం క్రితం వరకు గుడ్డను తూయమని గోల చేసిన మనిషి ఇప్పుడు విప్పవద్దంటోంది. నాకు అర్థం కాలేదు. సిస్టర్‌కు అర్థమైంది. పొద్దున ఆసుపత్రి గుడ్డ ఇచ్చినప్పుడు “నానే సుడతాను” అని ముసలమ్మ గోడవైపు తిరిగి చుట్టుకొచ్చిన సంగతి ఆవిడకు గుర్తొచ్చిందట. బుట్టతోనే నేలమీద చతికిలబడిన ముసలమ్మ పక్కన సిస్టర్ కూడా కూర్చుంది.

“ఏంటి దాస్తున్నావమ్మా?”

ముసలమ్మ బుట్టను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. గోడకానుకున్న కోడలు మొదటిసారి నోరు విప్పింది. “సెప్పీ అత్తా. ఎలాగూ సూస్తారు.”

“కాలు,” అంది ముసలమ్మ. “ఎడం కాలు లోపలికి తిరిగున్నాది. బస్సులో ఒక మనిసి సెప్పినాది, ఆసపత్రిలో అవిటోల్లని ఉంచరు, కాలు సూస్తే గుమ్మంలోంచే పంపీస్తారు అని. అందుకే…” అంతలోనే గొంతు పెరిగింది. “తూకం తక్కువైతే మీ రూలు. కాలు వంకరైతే మీ రూలు. ఏ రూల్లోంచి దూరమంతారమ్మా దీన్ని?”

సిస్టర్ బుట్ట అందుకుని, వెచ్చగదిలో పెట్టె పక్కన నిలబడి, పొత్తిగుడ్డ విప్పి నాకిచ్చింది. నేను తూచాను. అరవై ఎనిమిది. బిడ్డ పదిహేను వందల ముప్ఫై నాలుగు. ఆడబిడ్డ. ఎడమ పాదం చీలమండ దగ్గర లోపలికి మడత పడి ఉంది. మిగతా అంతా చిన్నది, మూరెడుకు కొంచెం తక్కువ, కానీ సక్రమంగా ఉంది.

కబురు పంపితే సూపరింటెండెంటు గారు వచ్చారు. మాట తక్కువ మనిషి. ముందు నేను చెప్పాను. “నా పట్టీ తప్పండి. గుడ్డ మారింది, పట్టీ మారలేదు. వానల నుంచి ప్రతి బిడ్డకూ వంద గ్రాములు తక్కువ రాశాం.”

ఆయన గోడ దగ్గరకు వెళ్ళి పట్టీని అడుగుదాకా చదివారు. నా సంతకం దగ్గర ఆగారు. తిరిగి వచ్చి బిడ్డను చూశారు.

“బరువు సరిపోయింది. చేర్చుకోవడానికి అభ్యంతరమేమిటి?”

“రెండో నియమమండి,” అంది సిస్టర్. “లోపం ఉంటే…”

“ఉంటే?”

“చేర్చుకోకూడదు కదండీ.”

“అలా ఎక్కడుంది? నా అనుమతి ఉండాలని ఉంది.” ఆయన కలం తీశారు. “ఈ ఆసుపత్రికి వచ్చి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఇలాంటి అనుమతి కోసం ఒక్క కాగితమూ నా బల్ల మీదికి రాలేదు. మన ప్రాంతంలో లోపంతో బిడ్డలే పుట్టడం లేదేమో అనుకున్నాను.”

అడగాల్సిన చోట అడగకుండా, లేదని మేమే చెప్పి పంపేస్తున్నాం. పెద్దాయనను ఊరికే ఎందుకు ఇబ్బందిపెట్టడం అన్న మర్యాద కొంత, కాగితం రాసే బద్ధకం కొంత. అనుమతి అనే మాట మా వార్డులో నిషేధంగా ఎప్పుడు స్థిరపడిందో సిస్టర్‌కూ తెలియదు, నాకూ తెలియదు. ఆయన మాత్రం తన తప్పు లేదన్నట్టు మాట్లాడలేదని చెప్పాలి. “నేనూ అడిగి ఉండాల్సింది,” అంటూనే కేసు షీటు మీద రాశారు: పాదం వంకర, నయం చేయదగినది, చేర్చుకోవచ్చు.

ముసలమ్మ చేతులు జోడించింది. ఆయన అటు చూడకుండా, “కాంపౌండరు గారూ, వానల నుంచి రిజిస్టరు తిరగెయ్యండి,” అని వెళ్ళిపోయారు.

అప్పటివరకు నాకు ఆ ఆలోచనే రాలేదు. ఒక బిడ్డ విషయం సరిదిద్దాననుకున్నాను.

మధ్యాహ్నం సిస్టర్, నేను రిజిస్టరు ముందేసుకున్నాం. ఆవిడ చదువుతూ ఉంటే నేను ప్రతి బరువుకూ వంద గ్రాములు కలిపాను. గీతకు కింద ఉందని వెనక్కు పంపినవాళ్ళలో, అసలు గీతకు పైన ఉన్నవాళ్ళు నలుగురు తేలారు. నాలుగో పేరు దగ్గర ఆవిడ కళ్ళద్దాలు తీసి పెట్టేసింది. “ఈ నలుగురికీ నేనే చెప్పానండి, వెచ్చగా ఉంచండి, దేవుడున్నాడు అని,” అంది. నేను ఓదార్చలేదు. ఆవిడ చెప్పినది నా కాగితం చూసి.

పై ఆఫీసుకు నివేదిక రాశాను. ‘నేను తయారుచేసిన పట్టీలో నేను చేసిన పొరపాటు’ అని ముసాయిదా. గుమస్తా దాన్ని ‘పట్టీలో దొర్లిన పొరపాటు’ అని టైపు చేసి తెచ్చాడు. “ఆఫీసు భాష ఇలాగే ఉంటాదండి, మీ ఉద్యోగానికీ మంచిది,” అన్నాడు. నేను చదివాను. సంతకం పెట్టాను. ఈ వ్యాసంలో నేను ఒప్పుకోవలసినవి రెండు ఉన్నాయంటే రెండోది అదే. పొరపాట్లు వాటంతటవి దొర్లవు. రెండు నెలలకు జవాబు వచ్చింది. కొత్తరకం గుడ్డలు మా స్టోర్సులో ఎన్ని నిలవ ఉన్నాయో తెలియజేయమన్నారు.

ఇక ఆ బిడ్డ. మొదటి వారంలో తగ్గింది. పద్నాలుగు వందల అరవైకి దిగింది. తెల్లవారి లెక్క చూసి నేను బెదిరితే, “చేరాక తగ్గితే పంపెయ్యమని ఉత్తర్వులో లేదు లెండి,” అంది సిస్టర్. ఆరోనాడు బిడ్డ నీలం తిరిగింది. సిలిండరు ముల్లు అడుగున ఉంది. ఆవిడ ఒక చేత్తో ఆక్సిజన్ గొట్టం పట్టుకుని, రెండో చేత్తో అరికాలు గీరుతూ కూర్చుంది. గీరింది వంకర పాదాన్నే. దానికే తొందరగా ఉలిక్కిపడుతుందని ఆవిడ కనిపెట్టింది. మధ్యాహ్నానికి రంగు తిరిగింది. సిలిండరు మర్నాడు వచ్చింది. తల్లి పాలు పిండి ఇస్తే, మరగబెట్టిన ఫిల్లరుతో రెండు గంటలకోసారి బొట్లుబొట్లుగా వేసేవారు. పట్టీని నేను చించేశాను. బిడ్డను తూచాక గుడ్డను విడిగా తూచి, రెండు అంకెలూ రిజిస్టర్లో పక్కపక్కన రాయడం మొదలుపెట్టాం. మూడు వారాలకు పదహారు వందలు దాటింది.

ఆ నలుగురి చిరునామాలకూ కార్డులు రాశాం: బిడ్డను మళ్ళీ తూకానికి తీసుకురావలసినది. ఒక కార్డు చిరునామాదారు లేడని తిరిగివచ్చింది. రెండింటికి జవాబు లేదు. నాలుగోదానికి మనిషే వచ్చాడు.

సాలూరు వైపు లారీ డ్రైవరు. మధ్యాహ్నం మందుల గది కిటికీ దగ్గర కార్డు పట్టుకుని నిలబడ్డాడు. చేతిలో కార్డు తప్ప ఏమీ లేదు.

“కార్డు రాసినారు కదా బాబూ. గుంటణ్ణి తెమ్మన్నారు.”

“అవును. తీసుకొచ్చారా?”

“తొమ్మిదో రోజునే పోనాడు. మరి ఇప్పుడెందుకు రమ్మన్నారో కనుక్కుందారని వచ్చినాను. ఏదైనా కాయితం మీద ఏలుముద్ర గావాలా?”

కావాలని చెప్పి ఒక కాగితం ఇచ్చి పంపవచ్చు. అతను ఆ మాటే నమ్మడానికి సిద్ధపడి వచ్చాడు. నేను మందుల గది తలుపు తీసి, లోపల బల్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. గుడ్డ మారిన సంగతి, పట్టీ మార్చని సంగతి, పట్టీ ఎవరిదన్న సంగతి. అతని బిడ్డ అసలు గీతకు పైన ఉన్నాడన్న సంగతి. ఈసారి ‘దొర్లిన’ అనలేదు.

అతను అంతా విన్నాడు. నేను ఎదురుచూసిన తిట్టు ఏదీ రాలేదు.

“ఉంచుంటే బతుకునేటి?”

“చెప్పలేను. ఉంచినవాళ్ళలో అందరూ బతకలేదు.”

“ఊఁ.” కార్డును మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మరి ఇది ఎలాగ తెలిసినాది?”

పాతపట్నం ముసలమ్మ సంగతి చెప్పాను.

“ఆ గుంట ఉన్నాదా?”

“ఉంది.”

“సూపిస్తారా?”

వార్డుకు తీసుకెళ్ళాను. పెట్టె పక్కన ముసలమ్మ కూర్చుని ఉంది. ఇతనెవరో సిస్టర్ చెవిలో చెప్పింది. ముసలమ్మ గభాలున లేచి చోటిచ్చింది.

“సూడు నాయినా, సూడు. కాలు వంకరేగానీ, పాలు తాగడంలో మాత్రం పెద్ద మనిసే. డాక్టరు బాబు పట్టీలు కడతన్నాడు, కాలు తిన్నగ వస్తాదట.”

అతను అద్దపు మూత మీదికి వంగి చూశాడు. ఊపిరికి అద్దం మసకబారితే చొక్కా చెంగుతో తుడిచి మళ్ళీ చూశాడు. బిడ్డ నిద్రపోతోంది.

“ఈయేల ఎంతున్నాది బాబూ?” అన్నాడు, తల ఎత్తకుండా.

“పదిహేడు వందల ఇరవై.”

“గుడ్డ తీసే?”

“తీసే.”

తల ఊపాడు. ముసలమ్మకు దండం పెట్టి, ఆమదాలవలసలో లోడు దింపుకోవాలని చెప్పి, వెళ్ళిపోయాడు.